మందుకు లొంగని బ్యాక్టీరియా కోడి మాంసం, గుడ్ల నుంచి కడుపులోకి చేరకుండా ఏం చేయాలి?

యాంటీబయాటిక్‌కే చావని బ్యాక్టీరియా, వండితే మాత్రం చస్తుందా? కోడి మాంసంలో, గుడ్లలో మందుకు లొంగని బ్యాక్టీరియా ఉంటోందని విన్నప్పుడు చాలామందికి వచ్చే మొదటి అనుమానం ఇది. నాకూ వచ్చింది. జవాబు ముందే చెప్పేస్తాను: చస్తుంది. విరేచనాలు తెప్పించే సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియాలో మామూలు రకం ఏ వేడికి చస్తుందో, నాలుగైదు రకాల మందులను తట్టుకునే సాల్మొనెల్లా కూడా అదే వేడికి చస్తుంది. మందును తట్టుకోవడానికి బ్యాక్టీరియా చేసుకునే ఏర్పాట్లు వేరు. కొన్ని మందును విరగ్గొట్టే ఎంజైమును తయారుచేసుకుంటాయి. కొన్ని లోపలికి వచ్చిన మందును వచ్చినట్టే బయటికి తోడేస్తాయి. ఇంకొన్ని, మందు వచ్చి అతుక్కునే చోటునే కాస్త మార్చేసుకుంటాయి. ఇవేవీ వేడి నుంచి కాపాడవు.

మరి ఇబ్బంది ఎక్కడ? వండకముందు. పచ్చి మాంసం నుంచి చేతికి, చేతి నుంచి కుళాయికి, కత్తి నుంచి పచ్చిగా తినే కూరగాయ ముక్కలకి బ్యాక్టీరియా చేరుతుంది. అలా కడుపులోకి వెళ్లి జబ్బు ముదిరితే, అప్పుడు డాక్టరు ఇచ్చే మందు పనిచేయకపోవచ్చు. అందుకే ఇక్కడ చెప్పబోయే పనుల్లో చాలావరకు వంటింట్లోవి. చివరి భాగం జబ్బు చేసినప్పటిది. అది అన్నిటికన్నా ముఖ్యం, దయచేసి వదిలేయకండి.

ముందు ఇది ఎలా పుట్టిందో తెలుసుకోండి

యాంటీబయాటిక్ కలిపిన దాణా తింటే కోళ్లు త్వరగా పెరుగుతాయని 1940ల చివర్లో గమనించారు. అప్పటి నుంచి జబ్బు ఉన్నా లేకపోయినా దాణాలో కొద్ది కొద్దిగా మందు కలపడం చాలా దేశాల్లో అలవాటైంది. తక్కువ మోతాదులో రోజూ మందు పడుతుంటే కోడి పేగుల్లో బలహీనమైన బ్యాక్టీరియా పోతుంది, తట్టుకున్నది మిగిలి పెరుగుతుంది.

అమెరికాలో స్టువర్ట్ లెవీ అనే శాస్త్రవేత్త బృందం బోస్టన్ దగ్గర ఒక ఫారంలో దీన్ని కళ్లకు కట్టినట్టు చూపించింది. కోళ్లకు టెట్రాసైక్లిన్ కలిపిన దాణా పెట్టారు. వారం తిరిగేసరికి కోళ్ల పేగుల్లోని బ్యాక్టీరియా దాదాపు అంతా ఆ మందుకు లొంగనిదే అయింది. ఐదారు నెలల్లో, ఒక్క మాత్ర కూడా మింగని ఆ ఫారం కుటుంబ సభ్యుల మలంలోనూ అలాంటి బ్యాక్టీరియా ఎక్కువగా కనిపించసాగింది. ఈ ఫలితాలు 1976లో అచ్చయ్యాయి. కోడి నుంచి మనిషికి దారి ఎంత దగ్గరో తెలియడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ నాకు కనపడలేదు.

ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. మందును తట్టుకునే ఈ లక్షణం చాలాసార్లు ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్‌ఏ చుట్టలో ఉంటుంది. ఒక బ్యాక్టీరియా దాని నకలును పక్కనున్న వేరే జాతి బ్యాక్టీరియాకు కూడా ఇవ్వగలదు. చివరి అస్త్రంగా దాచుకున్న కొలిస్టిన్ మందును కూడా తట్టుకునే ఎంసీఆర్-1 జన్యువు ఇలాగే ప్లాస్మిడ్ మీద దొరికింది. చైనాలో పందుల్లో, దుకాణాల్లోని పంది, కోడి మాంసంలో, ఆసుపత్రి రోగుల్లో అది కనిపించిందని 2015 నవంబరులో వెల్లడైంది. అంటే కోడి పేగులోని ఈ.కోలై అనే బ్యాక్టీరియా మనకు జబ్బు చేయకపోయినా, మన పేగుల్లోని వేరే బ్యాక్టీరియాకు ఆ జన్యువును అంటించి పోవచ్చు.

మొదటి పని: కొనేటప్పుడు

ఫ్రిజ్‌లో చల్లగా ఉంచిన మాంసమే తీసుకోండి. కవరు చిరిగినా, అడుగున రసం కారుతున్నా వద్దు. మిగతా సరుకులన్నీ అయ్యాక చివర్లో మాంసం తీసుకుని, విడిగా మరో సంచిలో పెట్టండి. గుడ్లలో పగుళ్లు ఉన్నవి, పెంకు మీద రెట్ట అంటుకున్నవి వదిలేయండి.

ఇక లేబుల్ సంగతి. "యాంటీబయాటిక్స్ వాడని కోళ్లు" అని రాసి ఉంటే, ఆ కోళ్లకు మందు ఇవ్వలేదని అర్థం. బ్యాక్టీరియా లేదని కాదు. మందుకు లొంగని బ్యాక్టీరియా అసలు ఉండదనీ కాదు, ఎందుకంటే అవి షెడ్లలో, గుడ్లు పొదిగించే హ్యాచరీలలో ఉంటాయి, కోడిపిల్లలతోపాటు తరలివస్తూ ఉంటాయి. అలాంటి మాంసం కొనడం మంచిదేననుకుంటాను, మందుల వాడకం తగ్గించే రైతుకు అది అండ. కానీ ఇంటికి తెచ్చాక దాన్నీ మిగతా మాంసంలాగే జాగ్రత్తగా చూడాలి.

మాంసంలో మిగిలే మందు అవశేషాలు, మందుకు లొంగని బ్యాక్టీరియా ఒకటే అని చాలామంది అనుకుంటారు. రెండూ వేరు. అవశేషం అంటే కోడి శరీరంలో ఇంకా మిగిలి ఉన్న మందు. మందు ఆపిన తర్వాత నిర్ణీత రోజులు ఆగి కోడిని అమ్మితే అది చాలావరకు పోతుంది. బ్యాక్టీరియా అలా పోదు. మందు పోయాక కూడా పేగుల్లో బతికే ఉంటుంది. వండడం దీనికి ఉల్టా: బ్యాక్టీరియాను చంపుతుంది, మందు అవశేషాలను మాత్రం పూర్తిగా పోగొడుతుందని నమ్మడానికి లేదు.

రెండో పని: ఫ్రిజ్‌లో అడుగు అర

పచ్చి మాంసాన్ని మూత ఉన్న గిన్నెలో పెట్టి, ఫ్రిజ్‌లో అన్నిటికన్నా కింది అరలో ఉంచండి. పైన పెడితే రసం కారి కింది వాటి మీద పడుతుంది. ఫ్రిజ్ లోపల 4 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకన్నా తక్కువ ఉండాలి. ఒకటి రెండు రోజుల్లో వండేయండి, లేకపోతే మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో పెట్టేయండి.

ఫ్రీజర్‌లో బ్యాక్టీరియా చచ్చిపోతుందని అనుకోకండి. కోడి మాంసంలో ఉండే, విరేచనాలు తెప్పించే మరో బ్యాక్టీరియా క్యాంపైలోబాక్టర్ కొంత తగ్గుతుంది గానీ సాల్మొనెల్లా నిద్రపోయినట్టు ఉండి, కరగగానే లేస్తుంది. గట్టిపడిన మాంసాన్ని వంటింటి గట్టు మీద వదిలేసి కరిగించడం మానేయండి. ముందురోజు రాత్రి ఫ్రిజ్ కింది అరలోకి మార్చితే సరిపోతుంది. తొందరగా కావాలంటే నీళ్లు చొరబడని కవరులో పెట్టి చల్లటి నీళ్లలో ముంచి, అరగంటకోసారి నీళ్లు మార్చండి. కరగగానే వండేయాలి.

మూడో పని: మాంసం కడగడం మానేయండి

ఈ మాట చెబితే చాలామంది ఒప్పుకోరు. కడగకుండా వండడమేమిటి, శుభ్రం వద్దా అంటారు. నేనూ చాలా ఏళ్లు కుళాయి కిందే కడిగాను, శుభ్రం చేస్తున్నాననే అనుకున్నాను. కానీ కుళాయి ధార కింద పెట్టిన పచ్చి మాంసం మీది నుంచి కంటికి కనపడని తుంపరలు సింక్ చుట్టూ, ఆరబెట్టిన గిన్నెల మీద, మన బట్టల మీద పడతాయి. మాంసం మీది బ్యాక్టీరియా నీళ్లతో పూర్తిగా పోదు, వంటింటి నిండా పరుచుకుంటుంది, అంతే. నిమ్మరసం, వెనిగర్, ఉప్పు పట్టించినా నమ్మకంగా చావదు. చంపేది వేడి.

క్యాంపైలోబాక్టర్ విషయంలో ఇది మరీ ముఖ్యం. అది 30 డిగ్రీల లోపు పెరగదు, అంటే వంటింటి గట్టు మీద మామూలుగా సంఖ్య పెంచుకోదు. కానీ పెరగాల్సిన అవసరమే లేదు. కొన్ని వందల కణాలు లోపలికి వెళ్తే చాలు, జబ్బు చేస్తుంది. ఒక్క చుక్క కోడి రసంలో అన్ని ఉండవచ్చు.

మాంసం మీద ఈకలో ఎముక ముక్కలో ఉంటే తడి టిష్యూతో అద్ది తీసేసి, టిష్యూను మూత ఉన్న చెత్తబుట్టలో వేసి చేతులు కడుక్కోండి. కడగకుండా మనసు ఒప్పకపోతే, కుళాయి తిప్పకుండా గిన్నెలో నీళ్లు పోసి మెల్లగా ముంచి తీయండి, ఆ నీళ్లు చిందకుండా ఒంపి, సింక్‌ను సబ్బుతో తోమండి. కడగకపోవడంతో సమానం కాదు గానీ ధార కింద కడగడం కన్నా నయం.

నాలుగో పని: కోసేటప్పుడు ఒక వరస పాటించండి

పచ్చిగా తినేవాటిని ముందు కోసి పక్కన పెట్టేయండి. మాంసం చివర్లో. ఈ ఒక్క వరస పాటిస్తే చాలా ప్రమాదం అక్కడే తప్పుతుంది. వీలైతే మాంసానికి వేరే బోర్డు, వేరే కత్తి. ఒకటే బోర్డు ఉంటే మాంసం కోశాక వేడి నీళ్లు, సబ్బుతో తోమి, పూర్తిగా ఆరనివ్వాలి. లోతుగా గాట్లు పడిన బోర్డు మార్చేయండి, ఆ గాట్లలోకి స్క్రబ్బర్ వెళ్లదు.

బోర్డును ఇంకా గట్టిగా శుభ్రం చేయాలనుకుంటే సుమారు 4 లీటర్ల నీళ్లలో ఒక టేబుల్ స్పూన్ వాసన లేని ఇంటి బ్లీచ్ ద్రావణం కలిపి, బోర్డు మీద పోసి కొన్ని నిమిషాలు ఉంచి కడిగేయండి. ముందు సబ్బుతో తోమాకే ఇది చేయాలి. మాంసం జిడ్డు ఉంటే బ్లీచ్ బలం దాని మీదే ఖర్చైపోతుంది.

చేతులు సబ్బుతో కనీసం 20 సెకన్లు. మాంసం పట్టుకున్న చేత్తో ముట్టుకున్నవి గుర్తు చేసుకోండి: కుళాయి పిడి, ఉప్పు డబ్బా మూత, ఫ్రిజ్ తలుపు, మొబైల్ ఫోన్. ఎక్కువగా మర్చిపోయేది ఫోనే. ఉప్పు, కారం ముందే చిన్న గిన్నెలో తీసి పెట్టుకుంటే డబ్బా ముట్టుకునే పని ఉండదు. వంటింటి గుడ్డతో మాంసం రసం తుడిచి, అదే గుడ్డతో పళ్లెం తుడవకండి.

ఐదో పని: 74 డిగ్రీలు

కోడి మాంసం లోపల, అన్నిటికన్నా మందంగా ఉన్న చోట 74 డిగ్రీల సెల్సియస్ చేరాలి. ఆహారానికి వాడే థర్మామీటర్ ఉంటే మొనను ఎముకకు తగలకుండా గుచ్చి చూడండి, ఎముకకు తగిలితే లెక్క తప్పుతుంది. రంగు చూసి నిర్ణయించడం సరికాదు. చాలినంత వేడి అందకముందే మాంసం తెల్లబడవచ్చు, బాగా ఉడికినా ఎముక దగ్గర ఎర్రగా ఉండవచ్చు. థర్మామీటర్ లేకపోతే ముక్కలు చిన్నగా కోసి, ద్రవంలో మరిగే వేడి మీద లోపలి దాకా మెత్తబడేలా ఉడికించండి. మంట మీద కాల్చే పెద్ద ముక్కల దగ్గరే ఎక్కువ తప్పు జరుగుతుంది, పైన మాడుతుంది, లోపల పచ్చిగా ఉంటుంది. పచ్చి మాంసం తెచ్చిన పళ్లెంలోనే కాల్చిన ముక్కలు తిరిగి పెట్టడం కూడా అక్కడే చూస్తుంటాం.

వండాక రెండు గంటలకు మించి బయట ఉంచొద్దు. గది వేడి 32 డిగ్రీలు దాటితే ఒక్క గంటే. అనుకూలమైన వేడిలో ఈ.కోలై లాంటి బ్యాక్టీరియా సుమారు 20 నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. ఆ లెక్కన ఒక్క బ్యాక్టీరియా నాలుగు గంటల్లో 4,096 అవుతుంది. మిగిలినదాన్ని లోతు తక్కువ గిన్నెల్లో సర్ది ఫ్రిజ్‌లో పెడితే త్వరగా చల్లబడుతుంది. మళ్లీ వేడి చేసేటప్పుడు కూడా లోపలి దాకా 74.

గుడ్ల దగ్గర లెక్క కొంచెం వేరు

పెంకు గట్టిగా కనిపిస్తుంది గానీ దాని మీద వేల సంఖ్యలో సన్నటి రంధ్రాలు ఉంటాయి. వాటిని మూస్తూ పైన పలచటి పొర ఉంటుంది. ఇంట్లో గుడ్లను నీళ్లతో కడిగితే ఆ పొర పోతుంది, పైగా చల్లటి నీళ్లు తగిలి లోపలి పదార్థం కుంచించుకున్నప్పుడు పెంకు మీది బ్యాక్టీరియా రంధ్రాల గుండా లోపలికి లాక్కుపోతుంది. కాబట్టి నిల్వ చేసే గుడ్లను కడగొద్దు. మట్టి ఉంటే పొడిగా తుడవండి.

రెండో దారి కోడి కడుపులోనే ఉంది. సాల్మొనెల్లా ఎంటెరిటిడిస్ అనే రకం కోడి అండాశయంలోకి చేరి, పెంకు ఏర్పడకముందే గుడ్డులో ఉండగలదు. అలాంటి గుడ్డు పైకి ఎంత శుభ్రంగా ఉన్నా తెలియదు. తెల్లసొనలో బ్యాక్టీరియాను అడ్డుకునే లైసోజైమ్, ఇనుమును పట్టేసి బ్యాక్టీరియాకు అందనివ్వని ప్రొటీన్ ఉంటాయి. అందుకే తాజా గుడ్డులో అది పెద్దగా పెరగదు. గుడ్డు వేడిలో చాలా రోజులు ఉంటే పచ్చసొన చుట్టూ ఉన్న పొర బలహీనపడుతుంది, అక్కడి పోషకాలు బ్యాక్టీరియాకు దొరుకుతాయి. గుడ్లు చల్లగా ఉంచమనేది ఇందుకే. ఒకసారి ఫ్రిజ్‌లో పెట్టిన గుడ్డును బయట వదలకండి, పెంకు మీద చెమ్మ పట్టి రంధ్రాల్లోకి దారి ఇస్తుంది.

వండేటప్పుడు తెల్లసొన, పచ్చసొన రెండూ గట్టిపడాలి, గుడ్డు కలిసిన వంటకాలైతే 71 డిగ్రీలు. పచ్చి గుడ్డుతో చేసే మయొనైజ్, క్రీములు పసిపిల్లలకు, గర్భిణులకు, వృద్ధులకు, రోగనిరోధక శక్తి తగ్గినవారికి పెట్టకండి. పాశ్చరైజ్ చేసిన గుడ్డు దొరికితే అది వాడండి. బ్రిటన్‌లో గుడ్లు పెట్టే కోళ్లకు 1990ల చివర్లో పెద్ద ఎత్తున సాల్మొనెల్లా టీకాలు మొదలయ్యాక గుడ్ల వల్ల వచ్చే జబ్బులు బాగా తగ్గాయి. ఆ పథకం కింద వచ్చే గుడ్లను పూర్తిగా ఉడకకపోయినా పసిపిల్లలు, గర్భిణులు, వృద్ధులు తినవచ్చని 2017లో అక్కడి ఆహార సంస్థే చెప్పింది. అలాంటి కార్యక్రమం కింద వచ్చిన గుడ్డు అని మీకు కచ్చితంగా తెలియనప్పుడు గట్టిగా ఉడికించడమే మేలు.

మీరు కోళ్లు పెంచుతుంటే

పది కోళ్లయినా పదివేలయినా మొదటి నియమం ఒకటే: ముందుజాగ్రత్త పేరుతో నీళ్లలో యాంటీబయాటిక్ కలపొద్దు. ఒక కోడి తుమ్మితే షెడ్డంతటికీ మందు పోస్తారు. కొక్కెర తెగులు, బర్డ్ ఫ్లూ లాంటివి వైరస్ వల్ల వస్తాయి, వాటి మీద యాంటీబయాటిక్ పనిచేయదు. పోసిన మందంతా పేగుల్లోని బ్యాక్టీరియాకు పాఠం నేర్పడానికే పనికొస్తుంది. జబ్బు కనిపిస్తే పశువైద్యుణ్ణి పిలవండి, చనిపోయిన కోడిని ల్యాబ్‌కు పంపి కల్చర్, సెన్సిటివిటీ పరీక్ష చేయించండి. ఏ మందు పనిచేస్తుందో అది చెబుతుంది.

మందు ఇచ్చిన రోజు, మోతాదు, ఆపిన రోజు ఒక పుస్తకంలో రాయండి. లేబుల్ మీద రాసిన విత్‌డ్రాయల్ పీరియడ్ (మందు ఆపాక ఆగాల్సిన రోజులు) పూర్తయ్యేదాకా మాంసం అమ్మకండి, గుడ్లు తినకండి, ఎవరికీ ఇవ్వకండి. మనుషుల కోసం తెచ్చి మిగిలిన మాత్రలు కోళ్లకు వేయకండి. మందు అవసరం రాకుండా చూసేవి వేరే ఉన్నాయి: టీకాలు, పొడిగా ఉండే లిట్టర్ (షెడ్డు నేల మీద పరిచే పొట్టు), ఇరుకు లేని చోటు, ఎలుకలు రాని దాణా గది, షెడ్డులోకి వెళ్లేటప్పుడు మార్చుకునే చెప్పులు.

మానేస్తే ఫలితం ఉంటుందా? కెనడాలో క్యూబెక్ హ్యాచరీలు గుడ్లలోకే సెఫ్టియోఫర్ అనే యాంటీబయాటిక్ ఎక్కించేవి. 2005లో దాన్ని స్వచ్ఛందంగా ఆపేస్తే, ఆ తరహా మందులకు లొంగని సాల్మొనెల్లా కోడి మాంసంలోనూ మనుషుల్లోనూ కూడా తగ్గింది. తర్వాత కొంతమేర మళ్లీ మొదలుపెడితే మళ్లీ పెరిగింది. అమెరికా కూడా 2005లోనే కోళ్లకు ఎన్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ వాడకానికి అనుమతి రద్దు చేసింది, మనుషులకు వచ్చే క్యాంపైలోబాక్టర్ ఆ కుటుంబం మందులకు లొంగకుండా పోతోందన్న కారణంతో. యూరోపియన్ యూనియన్ పెరుగుదల కోసం దాణాలో యాంటీబయాటిక్ కలపడాన్ని 2006 జనవరి 1 నుంచి పూర్తిగా నిషేధించింది.

జబ్బు చేస్తే

ఇన్ని చేసినా ఒకసారి విరేచనాలు పట్టుకోవచ్చు. చేయకూడని పని మొదట చెబుతాను: ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ మింగకండి, డాక్టరు చెప్పకుండా దుకాణంలో అడిగి తెచ్చుకోకండి. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లలో సాల్మొనెల్లా, క్యాంపైలోబాక్టర్ విరేచనాలు ఎక్కువగా వారం రోజుల్లో వాటంతట అవే తగ్గిపోతాయి. సాల్మొనెల్లాలో యాంటీబయాటిక్ వాడితే తగ్గిన తర్వాత కూడా బ్యాక్టీరియా మలంలో ఇంకా ఎక్కువ రోజులు పోతూ ఉండవచ్చు. అంతేకాదు, పేగుల్లో మనల్ని కాపాడే మంచి బ్యాక్టీరియాను మందు చంపేస్తుంది, మందుకు లొంగనిదానికి ఖాళీ చోటు దొరుకుతుంది. జలుబుకో గొంతు నొప్పికో అనవసరంగా మింగిన మాత్ర కూడా ఇదే పని చేస్తుంది.

చేయాల్సింది నీళ్లు పోకుండా చూడటం. ఓఆర్‌ఎస్ పొడిని ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లలో కలపమని ఉంటే కచ్చితంగా అన్నింటిలోనే కలపండి. వాంతులు ఉంటే కొద్దికొద్దిగా గుక్కలుగా. పసిపిల్లలకు తల్లిపాలు ఆపొద్దు. జ్వరం, రక్తం ఉన్న విరేచనాలను ఆపడానికి మాత్రలు వేసుకోవద్దు.

ఇవి కనిపిస్తే ఆగకుండా డాక్టరు దగ్గరికి వెళ్లండి: విరేచనాల్లో రక్తం, 39 డిగ్రీలు దాటే జ్వరం, ఏం తాగినా నిలవకపోవడం, మూత్రం బాగా తగ్గడం, మూడు రోజులు దాటినా తగ్గకపోవడం. నెలల పసికందులు, 65 దాటినవారు, గర్భిణులు, క్యాన్సర్ చికిత్సలో ఉన్నవారు, హెచ్ఐవీ ఉన్నవారు ఈ లక్షణాల కోసం కూడా చూడకూడదు, మొదటి రోజే వెళ్లాలి. వీళ్లలో సాల్మొనెల్లా రక్తంలోకి చేరే ప్రమాదం ఎక్కువ. మందుకు లొంగకపోవడం ప్రాణం మీదికి తెచ్చేది కూడా అప్పుడే.

డాక్టరుకు మూడు విషయాలు చెప్పండి. గత వారంలో సరిగా ఉడకని మాంసం, గుడ్డు తిన్నారా, లేదా కోళ్ల దగ్గర పనిచేశారా. గత కొన్ని నెలల్లో ఏ యాంటీబయాటిక్ వాడారు. వేరే దేశానికి వెళ్లి వచ్చారా. యాంటీబయాటిక్ అవసరమని డాక్టరు అంటే, మొదలుపెట్టే ముందే మలం కల్చర్‌కు ఇవ్వవచ్చా అని అడగండి. మందు పడ్డాక ఇస్తే బ్యాక్టీరియా దొరకకపోవచ్చు, అప్పుడు ఏ మందు పనిచేస్తుందో తెలిసే అవకాశం పోతుంది. రెండు మూడు రోజుల్లో రిపోర్టు వచ్చాక దాన్ని తీసుకుని మళ్లీ డాక్టరును కలవండి, మందు మార్చాల్సి రావచ్చు. రాసిన కోర్సును మధ్యలో మీ అంతట మీరు ఆపకండి, పెంచకండి.

విరేచనాలు తగ్గిన తర్వాత కూడా కనీసం 48 గంటలు ఇతరులకు వంట చేయొద్దు. హోటల్లోనో, పిల్లల సంరక్షణ కేంద్రంలోనో, ఆసుపత్రిలోనో పనిచేసేవారైతే ఎప్పుడు తిరిగి రావాలో పై అధికారిని అడిగి వెళ్లండి. బ్యాక్టీరియా మలంలో కొన్ని వారాలు పోతూనే ఉండవచ్చు కాబట్టి, ఆ రోజుల్లో టాయిలెట్‌కు వెళ్లొచ్చాక సబ్బుతో చేతులు కడగడం ఒక్కసారి కూడా తప్పించకండి, మీ తువ్వాలు వేరుగా పెట్టుకోండి.